పాత కారు ఫిట్‌నెస్ రిపోర్టు ఎలా చదవాలి, బండి ఎక్కడెక్కడ ఫెయిలవుతుంది

పాత కారు కొనబోయేవాళ్లు తనిఖీ రిపోర్టు చేతికి రాగానే ఒక్క మాట కోసమే వెతుకుతారు: పాసా, ఫెయిలా. పాస్ అని కనబడితే కాగితం మడిచి జేబులో పెట్టేస్తారు. నా లెక్కలో ఆ కాగితం మొత్తంలో తక్కువ పనికొచ్చే ముక్క అదే. పాసైన బండి వచ్చే ఏడాదికల్లా పెద్ద ఖర్చు మీద పడేయొచ్చు. ఫెయిలైన బండి ఒక బల్బు, రెండు వైపర్ బ్లేడ్లు మారిస్తే సాయంత్రానికి రోడ్డెక్కొచ్చు. ఎందుకు ఫెయిలైంది, అదే కారణం అంతకుముందు ఎన్నిసార్లు వచ్చింది, దాన్ని ఎన్నాళ్లు పట్టించుకోకుండా వదిలేశారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే బండి సంగతి సగం తెలిసినట్టే.

ఇక్కడ చెప్పేదంతా పదేళ్లు దాటిన పెట్రోలు, డీజిల్ కార్ల గురించి. పరిమితులు దేశాన్ని బట్టి మారతాయి. నేను ఇచ్చిన అంకెలు ఎక్కువగా యూరప్, బ్రిటన్ పరీక్షల్లోవి. మీ చోట నియమం వేరైతే అదే చెల్లుతుంది. లోపాలు మాత్రం ఎక్కడైనా దాదాపు ఇవే.

ముందుగా: ఈ పరీక్ష దేన్ని వదిలేస్తుంది

ఫిట్‌నెస్ పరీక్ష రెండే సంగతులు తేలుస్తుంది. ఈ బండి ఈ రోజు రోడ్డు మీద తిరగడానికి సురక్షితమేనా, దాని పొగ హద్దులో ఉందా. ఇంజిన్ ఇంకా ఎన్నాళ్లు వస్తుంది, క్లచ్ ఎంత అరిగింది, గేర్లు సరిగ్గా పడుతున్నాయా అన్నవి దాని పని కాదు. బ్రిటన్‌లో ఎంఓటీ అనే వార్షిక పరీక్ష ఉంది. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ స్థితి అందులోకి రాదని ప్రభుత్వమే స్పష్టంగా చెబుతుంది. టైమింగ్ బెల్టు సంగతీ అంతే. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, అయినా దాని వయసు గురించి రిపోర్టులో ఒక్క ముక్క ఉండదు. దానికి సర్వీసు బిల్లులు చూడాల్సిందే.

ఇంకో సంగతి, తనిఖీ చేసే మనిషి ఏదీ విప్పడు. ప్లాస్టిక్ కవర్లు తీయడు, కార్పెట్ ఎత్తడు. కంటికి కనబడినంత, చేతికి అందినంత, మెషీను కొలిచినంత, అంతే. అందుకే పాస్ అంటే లోపం లేదని కాదు, చూడగలిగిన చోట ఆ రోజు హద్దు దాటిన లోపం కనబడలేదని.

అడుగు 1: కాగితం ఈ బండిదేనా?

రిపోర్టు చదివే ముందు చాసిస్ నంబరు సరిపోల్చండి. 1981 నుంచి వచ్చిన కార్లలో ఇది 17 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు. ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ అందులో వాడరు, ఒకటి, సున్నాలతో పొరబడతారని. కాగితం మీద ఉన్నదీ, బండి బాడీ మీద కొట్టినదీ, డోర్ పిల్లర్ దగ్గరి స్టిక్కరు మీదిదీ మూడూ ఒకటే కావాలి. కొట్టిన చోట చుట్టూ కొత్త పెయింటు గానీ, గరుకుగా రుద్దిన గుర్తు గానీ కనబడితే అక్కడే ఆగిపోండి.

తర్వాత మీటరు రీడింగు. ప్రతి తనిఖీలోనూ దాన్ని రాస్తారు కాబట్టి పాత రిపోర్టులు దొరికితే ఏడాదికి ఎంత తిరిగిందో తీసివేతతో తెలిసిపోతుంది. ఏడాదికి 14 వేలు, 13 వేలు, 15 వేలు తిరిగిన బండి ఒక ఏడాది ఉన్నట్టుండి వెనక్కి వెళ్తే మీటరు తిప్పారని అర్థం. ఒక్కోసారి టైపు చేసేటప్పుడు అంకె తప్పు పడుతుంది. అలాంటిదైతే మరుసటి ఏడాది రీడింగు మళ్లీ దారిలోకి వస్తుంది. రాకపోతే అనుమానించాలి.

అడుగు 2: లోపం బరువెంత?

యూరప్ పద్ధతిలో లోపాలకు మూడు తరగతులు: చిన్నవి, పెద్దవి, ప్రమాదకరమైనవి. చిన్నవి ఉన్నా బండి పాసవుతుంది. పెద్దది ఒక్కటున్నా ఫెయిలే. ప్రమాదకరం అని రాస్తే ఆ బండిని బాగుచేసేదాకా రోడ్డు మీదికి తేకూడదు, రీటెస్టుకైనా సరే మోయించుకుని వెళ్లాల్సిందే. బ్రిటన్ కూడా 2018 మే నుంచి ఈ తరగతులనే వాడుతోంది. వీటితో పాటు 'సలహా' అని ఇంకో వరస ఉంటుంది: ఇప్పటికి హద్దులోనే ఉంది గానీ అరుగుతోంది, కన్నేసి ఉంచండి అని.

కొనేవాళ్లు మొదట చదవాల్సింది ఈ సలహాల వరసనే. ఫెయిలైన లోపాన్ని ఎలాగూ బాగుచేయకుండా పాస్ కాగితం రాదు. సలహాని మాత్రం ఎవరూ ముట్టుకోరు. కిందటేడు సలహాగా రాసినది ఈ ఏడాది మీ చేతిలో ఫెయిలవుతుంది.

అడుగు 3: అన్నేళ్ల కాగితాలూ పక్కపక్కన పెట్టండి

బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ఎవరైనా ఒక బండి ఎంఓటీ చరిత్రంతా ఉచితంగా ఆన్‌లైన్‌లో చూడొచ్చు, 2005 నుంచి జరిగిన పరీక్షలవి. అలాంటి వసతి లేని చోట యజమానినే అడగాలి. పాత కాగితాలు దాచుకున్న యజమాని దొరికాడంటే అదే ఒక మంచి గుర్తు.

ఒక బండి నాలుగేళ్ల రిపోర్టులు ఇలా ఉన్నాయనుకుందాం. మొదటి ఏడాది: వెనక బ్రేకు పైపు మీద తేలికపాటి తుప్పు, సలహా. రెండో ఏడాది: అదే పైపు, తుప్పు ఎక్కువైంది, సలహా. మూడో ఏడాది: పైపు ఊసే లేదు, 'అండర్‌బాడీకి దట్టంగా పూత వేసి ఉంది' అని మాత్రం ఉంది. నాలుగో ఏడాది: పైపు తుప్పుతో పలచబడింది, ఫెయిల్. మూడో ఏడాది పైపు మార్చారా? మార్చి ఉంటే నాలుగో ఏడాదికల్లా మళ్లీ అంత తుప్పు పట్టదు. మార్చలేదు, మీద నల్లటి పూత కొట్టారు. ఈ ఒక్క ఉదాహరణలో పైపు కన్నా యజమాని గురించే ఎక్కువ తెలిసింది. ఇలాంటి మనిషి ఇంజిన్ ఆయిల్ సమయానికి మార్చి ఉంటాడా అన్నది మీరే ఆలోచించుకోండి.

దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంటుంది. ఏడాదేడాది ఫెయిలైన బండే, కానీ ప్రతిసారీ వేరే కారణం, ఆ లోపం మళ్లీ ఎప్పుడూ కనబడదు. ఒకసారి బాల్ జాయింట్, ఒకసారి టైర్లు, ఒకసారి సైలెన్సర్. వయసు మీదపడ్డ బండికి ఇది మామూలే. వచ్చినదాన్ని వచ్చినట్టు బాగుచేయిస్తున్నారని అర్థం. నాలుగు ఫెయిళ్లున్న ఇలాంటి బండిని, నాలుగు పాసుల మీద సలహాలు పేరుకుపోయిన బండికన్నా నేను ముందు ఎంచుకుంటాను.

అడుగు 4: ఒక్కో లోపాన్నీ తూచడం

లైట్లతో మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువ బండ్లు ఫెయిలయ్యేది ఇక్కడే, భయపడాల్సింది తక్కువా ఇక్కడే. కాలిపోయిన బల్బు, వెలగని నంబరు ప్లేటు లైటు, ముందు అద్దాలు పసుపు రంగుకు తిరిగిన హెడ్‌లైట్లు, ఎత్తు తప్పిన ఫోకస్. ఆ ప్లాస్టిక్ అద్దాలు ఎండకు మసకబారితే పాలిష్ చేయించొచ్చు. హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్‌లో బయట కొన్న ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, ఫోకస్ మెషీను ముందు దొరికిపోతుంది. పాత హాలోజన్ వేసేస్తే సరి. బల్బు మార్చినా లైటు మళ్లీ మళ్లీ పోతుంటే మాత్రం వైరింగులో గానీ ఎర్త్‌లో గానీ తేడా ఉంది. అది వెతకడానికి టైము పడుతుంది.

టైర్లు మారిస్తే పోయేవే. కానీ అవి ఎలా అరిగాయో చూస్తే కింద ఏం నడుస్తోందో తెలుస్తుంది. గాడుల లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలన్నది చాలా దేశాల నియమం. గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి, టైరు ఆ మట్టానికి అరిగితే పని అయిపోయినట్టే. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, దాని వెనక వంగిన సస్పెన్షన్ ఆర్మ్ గానీ అరిగిన బుష్ (ఆర్మ్ కీలు దగ్గరి రబ్బరు) గానీ ఉండొచ్చు. గుంటలు గుంటలుగా అరిగితే షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు పోయాయి. లోపలి అంచు బయట నిలబడితే కనబడదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడండి, వెనక టైరు లోపలికి చెయ్యి పెట్టి తడమండి. టైరు వయసు పక్క గోడ మీదే ఉంటుంది: డాట్ అనే గుర్తు ఉన్న వరస చివర నాలుగు అంకెలు. 2316 అంటే 2016లో 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా పక్క గోడ పగుళ్లు పట్టిన టైరు, ఎక్కువ కాలం నిలబడి ఉన్న బండిదే అయ్యుంటుంది. ఒక్కో చక్రానికి ఒక్కో కంపెనీ టైరు ఉందంటే, అవసరమైనప్పుడు చవగ్గా దొరికింది వేసుకుంటూ పోయారని.

బ్రేకుల దగ్గర నిదానంగా ఆగాలి, ఎందుకంటే ఇక్కడ రిపోర్టులో అంకెలుంటాయి, ఆ అంకెలను ఎవరూ చదవరు. రోలర్ల మీద చక్రాలు పెట్టి, బ్రేకు నొక్కినప్పుడు ఒక్కో చక్రం ఎంత బలంతో ఆపుతోందో కొలుస్తారు. 1,250 కిలోల బండి ఒకటి తీసుకుందాం. ముందు కుడి 2.9, ముందు ఎడమ 2.1, వెనక కుడి 1.5, వెనక ఎడమ 1.4 కిలోన్యూటన్లు. మొత్తం 7.9. బండి బరువు కిలోన్యూటన్లలో దాదాపు 12.26. భాగిస్తే 64 శాతం. యూరప్ నియమంలో 2012కు ముందు రిజిస్టరైన కార్లకు 50, తర్వాతివాటికి 58 శాతం కావాలి. పాస్.

ఇప్పుడు ముందు చక్రాలు రెండింటినే చూడండి. ఎక్కువ ఆపుతున్న చక్రం బలంలో రెండోది కనీసం 70 శాతం ఉండాలి. 2.1ని 2.9తో భాగిస్తే 72. హద్దుకు రెండడుగుల దూరం. కాగితం మీద పాస్, కానీ ఎడమ చక్రం బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిన్నులు తుప్పుతో బిగుసుకుని ఉంటాయి, లేదా పిస్టన్ ఇరుక్కుపోయి ఉంటుంది. తడి రోడ్డు మీద గట్టిగా నొక్కితే బండి కుడివైపు లాగుతుంది. ఎడమ చక్రం బలం 1.9కి పడిపోతే చాలు, 66 శాతం, ఫెయిల్. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడం చిన్న పనే. అదే డ్రమ్ బ్రేకులో తేడా వస్తే వీల్ సిలిండర్ కారి లైనర్ల మీద ఆయిల్ పడిందేమో చూడాలి. ఆయిల్ తాగిన లైనర్లను తుడిచి వేస్తే పనికిరావు, మార్చాలి.

హ్యాండ్‌బ్రేకుకు 16 శాతం కావాలి. ఇదే బండికి వెనక చక్రాలు 1.1, 0.6 వచ్చాయంటే 1.7, అంటే 14 శాతం కూడా లేదు. కేబుల్ సాగింది, లేదా ఒకవైపు పట్టేసింది. ఆటోమేటిక్ బండ్లలో కొందరు పార్క్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగడమే మానేస్తారు, వాడక వాడక కేబుల్ తుప్పు పట్టి కదలదు.

మెషీను లేకుండా మీరు చూసుకోగలిగినవీ ఉన్నాయి. ఇంజిన్ ఆపి బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బ్రేకు బూస్టర్ పనిచేయడం లేదు. నొక్కి పట్టిన పెడల్ మెల్లగా నేలకు జారుతూ పోతే మాత్రం ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల సీళ్లు పోయాయి. ఆ బండి నడిపి చూడకండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఫిట్‌నెస్ పరీక్షలో ఇది మామూలుగా బయటపడదు. డబ్బాలో ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంటే మార్చి చాలాకాలమైనట్టే.

స్టీరింగ్, సస్పెన్షన్ లోపాల పేర్లు రిపోర్టులో భయపెట్టేలా ఉంటాయి. బాల్ జాయింట్ ఆట, టై రాడ్ ఎండ్ లూజు, లోయర్ ఆర్మ్ బుష్ చిరిగింది, స్టెబిలైజర్ లింకు. విడివిడిగా ఇవన్నీ అరుగుదల భాగాలే, పాత బండిలో రావాల్సినవే. చూసే పద్ధతి తేలిక. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగో బాల్ జాయింటో. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదులుతోందంటే టై రాడ్ ఎండో స్టీరింగ్ ర్యాకో. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి తల పెట్టొద్దు, స్టాండు ఉండాల్సిందే.

కాయిల్ స్ప్రింగు విరగడం పాత కార్లలో తరచూ జరిగేదే. విరిగేది ఎక్కువగా అట్టడుగు చుట్టు, నీళ్లూ మట్టీ నిలిచే చోట. బండి నడుస్తూనే ఉంటుంది, యజమానికి తెలియను కూడా తెలియదు. సమతల నేల మీద వెనక నిలబడి చక్రాలకూ బాడీకీ మధ్య జాగా రెండువైపులా కొలవండి, తేడా ఉంటే స్ప్రింగును అనుమానించండి. షాకుల సంగతి చూడ్డానికి బానెట్ మీద నొక్కి వదిలే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. పూర్తిగా చచ్చిన షాకును మాత్రమే అది పట్టిస్తుంది. షాకు ఒంటి మీద ఆయిల్ తడి ఉందా అని చూడ్డమే నయం. ఇక ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు మీది రబ్బరు బూటు. చక్రం లోపలి వైపు గుండ్రంగా గ్రీజు చిందిన చార కనబడితే బూటు చిరిగింది. నిన్న మొన్న చిరిగిందైతే బూటు మార్చి గ్రీజు నింపితే చాలు. ఇసుక దూరి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటోందంటే జాయింటే పోయింది.

తుప్పు విషయంలో మొహమాటం వద్దు

పైన చెప్పినవన్నీ భాగం తీసి భాగం వేస్తే పోయేవి. తుప్పు అలా కాదు. రిపోర్టులో తుప్పు మాట కనబడితే ముందు అడగాల్సింది, ఎంత ఉంది అని కాదు, ఎక్కడ ఉంది అని. డోరు అంచున, డిక్కీ మూత మీద వచ్చిన తుప్పు చూడ్డానికి అసహ్యం, అంతే. తలుపుల కింద పొడవునా ఉండే బాక్సు, అంటే సిల్, వెనక సస్పెన్షన్ బిగించిన చోట్లు, ముందు షాకుల పైకప్పులు, సబ్‌ఫ్రేమ్, సీటు బెల్టు బోల్టు దిగిన చోటు, ఇవి బండి బరువునూ మీ ప్రాణాన్నీ మోసే చోట్లు. బ్రిటన్ పరీక్షలో బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్, సీటు బెల్టు బిగింపులకు 30 సెం.మీ. లోపల బలం తగ్గేంత తుప్పు ఉంటే ఫెయిల్ చేయడానికి కారణం అదే.

స్క్రూడ్రైవర్ పిడితో సిల్ అడుగున మెల్లగా కొడుతూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది. తినేసిన రేకు, లోపల పుట్టీ నింపిన రేకు మొద్దుగా దబ్‌మంటుంది. ఆ తేడా ఒకసారి వింటే చెవి పట్టేస్తుంది. గుడ్డ చుట్టిన అయస్కాంతం కూడా పనికొస్తుంది, పుట్టీ మందంగా ఉన్న చోట అంటుకోదు. కొన్ని కార్లలో బానెట్, ఫెండర్లు అల్యూమినియంవి, అక్కడా అంటుకోదు, దాన్ని చూసి కంగారుపడొద్దు. కార్పెట్ మూల ఎత్తి నేల తడిగా ఉందేమో చూడండి. డోర్ల కింద, విండ్‌షీల్డ్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, రేకును లోపలి నుంచి బయటికి తినేస్తుంది. బయట బుడగ కనబడేసరికి లోపల పని పూర్తయి ఉంటుంది.

అమ్మకానికి ముందు కొట్టిన తాజా నల్లటి అండర్‌కోటింగు చూస్తే నాకు నమ్మకం పెరగదు, తగ్గుతుంది. కింద ఏముందో చూపించకుండా ఉండడానికి అంతకన్నా చవకైన దారి లేదు. ఇంతకుముందు వెల్డింగు చేసి ఉంటే అతుకు అంచు పొడవునా వెల్డు ఉందా, అక్కడక్కడా చుక్కలు పెట్టి మిగతాది సీలెంటుతో మూశారా అని చూడండి. బరువు మోసే చోట ఫైబరు, పుట్టీ పనులు పరీక్షలో చెల్లవు. ఒక చోట చిన్న అతుకు అంటే ఫర్వాలేదు. రెండు సిల్‌లూ, వెనక బిగింపులూ కలిసి రిపోర్టులో ఉంటే ఆ బండిని వదిలేయండి, ఇంజిన్ ఎంత బాగున్నా సరే. రేకు కోస్తే ఇంకెంత బయటపడుతుందో వెల్డర్ కూడా ముందే చెప్పలేడు.

పొగ, చెక్ ఇంజిన్ లైటు

పెట్రోలు కారులో కొలిచేది ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, లాంబ్డా. లాంబ్డా అంటే గాలి, ఇంధనం పాళ్లు కుదిరాయా అన్న అంకె. ఇంజిన్ వేగం పెంచి కొలిచినప్పుడు 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, లాంబ్డా తక్కువ ఉంటే ఇంధనం ఎక్కువ పోతోంది: ఆక్సిజన్ సెన్సర్, కారే ఇంజెక్టర్, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. హైడ్రోకార్బన్లు మాత్రమే ఎక్కువైతే మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగ్గా అంటుకోవడం లేదు: ప్లగ్గులు, కాయిల్. లాంబ్డా ఎక్కువ వస్తే సెన్సర్ మార్చేముందు సైలెన్సర్ గొట్టంలో చిల్లు ఉందేమో చూడండి. అక్కడి నుంచి బయటి గాలి లోపలికి వెళ్లి అంకెను పాడుచేస్తుంది. రిపోర్టులో అంకెలు ఇవ్వకుండా 'ఎమిషన్ ఫెయిల్' అని మాత్రమే రాస్తే ప్రింటు అడిగి తీసుకోండి, అది లేకుండా మెకానిక్ గుడ్డిగా పార్టులు మార్చుకుంటూ పోతాడు.

చల్లగా ఉన్న ఇంజిన్‌తో పరీక్షకు వెళ్లి ఫెయిలైన బండ్లు కొల్లలు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాదాపు 300 డిగ్రీలు దాటాకే సరిగ్గా పనిచేస్తుంది. పరీక్షకు ముందు ఇరవై నిమిషాలు హైవే మీద నడిపి, లైన్లో ఎక్కువసేపు ఆపకుండా లోపలికి తీసుకెళ్లండి.

పొగ రంగు కూడా చెబుతుంది. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. నలుపు అంటే ఇంధనం ఎక్కువ. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా తీపి వాసనతో తెల్ల పొగ వస్తే కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్ గ్యాస్కెట్ పనిపడుతుంది. డీజిల్ కార్లలో పొగ ఫిల్టర్, అంటే డీపీఎఫ్, కంపెనీ నుంచి వచ్చి ఉంటే అది బండిలో ఉండాల్సిందే. బ్రిటన్‌లో 2014 ఫిబ్రవరి నుంచి దాన్ని తీసేసిన బండి ఫెయిల్. చల్లారిన సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ పనిచేస్తున్న బండిలో వేలికి మసి పెద్దగా అంటదు. నల్లగా వచ్చిందంటే అది పగిలి ఉంటుంది, లేదా లోపల ఖాళీ చేసి ఉంటారు.

ఇక లైట్ల మోసం. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కొన్ని సెకన్లలో ఆరిపోతాయి, చెక్ ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆరుతుంది. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే అంతకన్నా పెద్ద లోపం, ఎవరో బల్బు తీసేశారు, లేదా ఆ తీగను ఇంకో లైటుకు కలిపారు.

తెలివైనవాళ్లు బల్బు జోలికి పోరు, బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లను స్కానరుతో చెరిపేస్తారు. దాన్ని పట్టుకోవడానికి బండి కంప్యూటర్ సాకెట్‌కు తగిలించే చిన్న ఓబీడీ స్కానరు మీ దగ్గర ఉంటే చాలు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2001 నుంచి పెట్రోలు కార్లకు ఈ సాకెట్ తప్పనిసరి. కోడ్లు చెరిపినప్పుడు కంప్యూటర్ తన స్వీయ పరీక్షల ఫలితాలనూ మర్చిపోతుంది. స్కానరులో 'రెడీనెస్' పేజీ తెరిచి చూడండి. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ వంటివి 'పూర్తికాలేదు' అని ఉంటే ఈ మధ్యే చెరిపారని. చాలా బండ్లలో 'కోడ్లు చెరిపాక తిరిగిన దూరం' అని ఒక అంకె కూడా కనబడుతుంది. మీరు చూడ్డానికి వచ్చిన రోజున అది 6 కిలోమీటర్లు చూపిస్తే, పొద్దున్నే ఎవరో చెరిపారన్నమాట. ఒక వారం ఆగి, బండి తిరిగాక మళ్లీ చూస్తానని చెప్పండి. పీ0420 కోడ్ వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ పని తగ్గిందని కంప్యూటర్ అనుకుంటోంది. బేరమాడేటప్పుడు ఖరీదైన పార్టుగానే లెక్కేసుకోండి, కానీ మార్చేముందు సెన్సర్, గొట్టం లీకు చూడకుండా ఊరుకోవద్దు.

మిగిలినవి గబగబా. విండ్‌షీల్డ్‌లో డ్రైవరు కళ్ల ఎదుట 10 మి.మీ. దాటిన దెబ్బ ఉంటే బ్రిటన్‌లో ఫెయిలే. వైపర్లు, నీళ్ల చిమ్ముడు, హారన్ అక్కడికక్కడ సరిచేసేవి. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి అంచులు పీచుగా లేచాయేమో చూడండి, గట్టిగా గుంజితే పట్టుకోవాలి. బెల్టు అడుగున తయారీ తేదీ ఉన్న చీటీ కుట్టి ఉంటుంది. అది బండి తేదీ కన్నా చాలా తర్వాతిదైతే బెల్టు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి, యాక్సిడెంట్ అయి ఉండొచ్చు.

అడుగు 5: ఫెయిలైతే ఏం చేయాలి

బండి ఇంకా లిఫ్టు మీద ఉండగానే లోపాలు చూపించమని అడగండి. ఫోన్లో ఫొటోలు తీసుకోండి. రిపోర్టు పట్టుకుని పరీక్షతో సంబంధం లేని ఇంకో గ్యారేజీకి వెళ్లి, ఒక్కో లోపానికీ విడివిడిగా ఎస్టిమేట్ రాయించుకోండి. ముద్దగా చెప్పిన అంకెలో ఏది తప్పనిసరి, ఏది ఎలాగూ బండి లేపాం కదా అని కలిపినది అన్నది తెలియదు. కలిపి చేయించాల్సినవీ ఉన్నాయి: టై రాడ్ ఎండ్లు, ఆర్మ్‌లు మారిస్తే అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే కొత్త టైర్లు నెలల్లో పోతాయి. స్ప్రింగులు, షాకులు, బ్రేకు ప్యాడ్లు రెండువైపులా కలిపి మారుస్తారు. ఒక్కవైపే మార్చి పాస్ చేయిస్తానన్న గ్యారేజీని వదిలేయండి. తీసిన పాత పార్టులు మీకే ఇమ్మనండి.

ఇంకా కొనలేదు, కొనబోతున్నారంటే ఆ ఎస్టిమేట్ చేతిలో పెట్టుకుని బేరమాడొచ్చు. దాని మీద ఇంకొంత పెట్టుకోవాలి, ఎందుకంటే తుప్పు పట్టిన బోల్టులు విప్పేటప్పుడు విరుగుతాయి, ఒక పైపు మార్చబోతే పక్క పైపు వస్తుంది. 'పాస్ చేయించి ఇస్తాను' అని అమ్మేవాళ్లు అంటే వద్దనండి. వాళ్లకు కావాల్సింది కాగితం, దానికి చాలినంత పనే చేయిస్తారు. ధర తగ్గించుకుని పని మీరే చేయించుకోండి. బరువు మోసే చోట్లంతటా పాకిన తుప్పు విషయంలో, డీపీఎఫ్ పీకేసిన విషయంలో, మీటరు తిప్పిన విషయంలో మాత్రం ధర ఎంత తగ్గించినా నేనైతే కొనను.

రీటెస్టుకు గడువెంతో, ఫీజులో ఎంత మాఫీ ఉందో ఫెయిలైన రోజే అడిగి తెలుసుకోండి. గడువు దాటితే పరీక్ష మొత్తం మళ్లీ మొదటి నుంచి. పాసయ్యాక పాస్ కాగితంతో పాటు ఫెయిలైన కాగితాన్నీ, బ్రేకు అంకెల ప్రింటునూ, పార్టుల బిల్లులనూ ఒకే కవర్లో పెట్టండి. వచ్చే ఏడాది ముందు ఎడమ చక్రం మళ్లీ 2.1కి దిగిందా, లేదా అని చూసుకోవడానికి అవే ఆధారం.